ఏడో నంబరు మెడ

"ఇదిగో, నీకోసమే పుట్టిన ఉద్యోగం. రెండు నెలలు మంచం మీద పడుకుంటే చాలట, పైగా డబ్బులిస్తారట," అన్నాడు భర్త, పేపరు మడిచి ఇస్త్రీ బల్ల మీద పెడుతూ. ఆమె అప్పుడు అతని చొక్కా కాలరుతో కుస్తీ పడుతోంది. అది ఎంతకీ లొంగడం లేదు. లోపలి గదిలోంచి అత్తగారు, "అయితే మన అమ్మాయికి సరాసరి మేనేజరు పోస్టే ఇవ్వాలి," అంది. తల్లీకొడుకులు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. తన మీద వేసే జోకులకి తనూ కలిసి నవ్వేస్తే అవి తొందరగా అయిపోతాయని ఆమె చాలాకాలం కిందటే కనిపెట్టింది.

ఇంట్లో ఆమె పేరు నిద్రమొహం. ఆ పేరు పెట్టింది భర్త, వాడుకలోకి తెచ్చింది అత్తగారు. ఐదింటికి లేచి, నీళ్ళు పట్టి, వంట చేసి, డబ్బాలు సర్ది, ఇల్లు తుడిచి, అత్తగారి మోకాళ్ళకి నూనె మర్దనా చేసి, బట్టలు ఉతికి ఆరేసే మనిషికి ఆ పేరెలా అతికిందని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఇంటిల్లిపాదికీ ఒకటే కథ ఉంది. ఒక సాయంత్రం చుట్టాలొచ్చి కూర్చున్నప్పుడు ఆమె కూరగాయలు తరుగుతూ తరుగుతూ, కత్తి చేతిలో ఉండగానే కుర్చీలో నిద్రపోయింది. ఇంటికి ఎవరొచ్చినా టీతో పాటు ఆ కథ కూడా అందేది. అంతకుముందు పనిచేసిన ఆఫీసులోనూ అదే వరస. టైపు చేస్తూ ఒకటి రెండు మధ్యాహ్నాలు తల వాల్చిందని, సెక్షన్ హెడ్డు ఆమె పుట్టినరోజున అందరినీ పిలిచి మరీ ఒక దిండు బహుమతిగా ఇచ్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె "థాంక్స్ సార్" అంది. ఆ దిండుతో ఇంటికి వెళ్ళడానికి ముఖం చెల్లక, బస్సులో సీటు కింద వదిలేసి దిగిపోయింది. నెల తిరక్కుండా ఉద్యోగం మానేసింది. ఇంట్లో పనితో కుదరడం లేదని అందరికీ చెప్పింది.

దరఖాస్తు భర్తే నింపాడు. ఫారాలు నింపడంలో అతను దిట్ట. ఆమె పక్కన కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. "రక్తపోటు? లేదు. చక్కెర? లేదు. ఏవైనా మందులు వాడుతున్నారా? లేదు." అతను ఆమెని అడగడం లేదు, తనే చదువుకుంటూ తనే టిక్కులు పెట్టుకుంటూ పోతున్నాడు. మందుల దగ్గర ఆమె వేలు కాయ మీద ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణంలో అతను తలెత్తి చూసి ఉంటే ఏమయ్యేదో. చూడలేదు. "ఇక్కడ సంతకం పెట్టు," అన్నాడు. పెట్టింది. వచ్చే డబ్బుతో పాత బండి మార్చాలని అతని ఆశ. ఆమె ఆశ ఏమిటో ఎవరూ అడగలేదు. అడిగినా సిగ్గుతో చెప్పి ఉండేది కాదు. ఆమెకి పడుకోవాలని ఉంది.

పన్నెండేళ్ళుగా ఆమె రోజూ ఒక చిన్న తెల్లటి మాత్ర మింగుతోంది. పెళ్ళికి ఏడాది ముందు, మెడలోని థైరాయిడ్ గ్రంథి మందగించిందని డాక్టరు తేల్చాడు. జీవితాంతం వేసుకుంటే ఏ ఇబ్బందీ ఉండదన్నాడు. "ఇదేం పెద్ద జబ్బు కాదులే," అంది తల్లి. "కానీ మందు మింగే పిల్ల అంటే ఎవరు ముందుకొస్తారు? పెళ్ళయ్యాక నెమ్మదిగా చెప్పుకుందువుగాని." ఆ నెమ్మది పదకొండేళ్ళయినా రాలేదు. మాత్రలు కుట్టుమిషను సొరుగులో బాబిన్ల కింద ఉండేవి. పొద్దున్నే నీళ్ళు పట్టేటప్పుడు కొళాయి చప్పుడులో మాత్ర రేకు చిటుక్కుమన్నా ఎవరికీ వినపడదు. చుట్టాల ఇళ్ళకి వెళితే వారం పదిరోజులు మానేసేది. మోతాదు సరిపోతోందో లేదో చూపించుకోవాలంటే డాక్టరు దగ్గరికి ఒంటరిగా వెళ్ళాలి. ఒంటరిగా వెళ్ళడానికి ఏదో ఒక అబద్ధం కావాలి. అబద్ధాలు దాచుకుని పొదుపుగా వాడుకునే మనిషి కాబట్టి ఏడాదికోసారి కూడా వెళ్ళేది కాదు.

ప్రకటన ఇచ్చిన పరిశోధనాలయం ఊరి చివర ఉన్న పొడుగాటి రెండంతస్తుల భవనం. ఎంపిక కోసం రక్తపరీక్ష చేశారు. అప్పటికి మాత్ర వేసుకుంటూనే ఉంది కాబట్టి అన్నీ బాగానే వచ్చాయి. చేరే రోజున పౌడరు సంచి అస్తరులో మాత్రల రేకులు పెట్టి కుట్టుకుంది. పడుకోవడమంటే మధ్యమధ్యలో లేవచ్చనుకుంది. ఇంట్లో ఎవరు పడుకున్నా లేస్తారు కదా. ఫారం ఒక్కసారి తను చదివి ఉంటే తెలిసేది. భోజనం, స్నానం, దొడ్డికి వెళ్ళడం అన్నీ మంచం మీదే. తల ఎత్తకూడదు. దిండు లేదు. సొంత సామాను వరండాలో బీరువాలో పెట్టి తాళం వేశారు. మంచం తలవైపు కాళ్ళవైపు కంటే కొంచెం పల్లంగా ఉంది. దాని మీద వెల్లకిలా పడుకోబెట్టి, "ఇక అరవై రోజులు ఇంతే" అని నర్సు అన్నప్పుడు ఆమెకి బీరువాలోని పౌడరు సంచి గుర్తొచ్చింది.

అంతరిక్షంలో మనిషికి బరువు ఉండదు. నేల మీద కాళ్ళలోకి దిగే నెత్తురూ నీరూ అక్కడ తలవైపు ఎక్కుతాయి. ఎముకలకీ కండరాలకీ పని తప్పుతుంది. మనిషిని అంత దూరం పంపకుండానే ఆ స్థితిని దాదాపుగా తెప్పించాలంటే, ఇలా తల కిందికి వాల్చిన మంచం మీద వారాల తరబడి ఉంచడమే దారి. పైన హాలులో ఆరుగురు మగవాళ్ళు, కింద ఆరుగురు ఆడవాళ్ళు. పేర్లు లేవు, నంబర్లే. ఆమె ఏడు. ఒక్కో డాక్టరుకి ఒక్కో అవయవం కావాలి. ఒకరు ఎముకలు చూస్తారు, ఒకరు గుండె, ఒకరు కళ్ళు. థైరాయిడ్ చూసే డాక్టరమ్మ వారానికోసారి వచ్చి మెడ మీద స్కానింగు యంత్రం తిప్పేది. ఆవిడకి మెడ డాక్టరమ్మ అని పేరు పెట్టింది పక్క మంచంలోని ఎనిమిదో నంబరు.

ఆ ఎనిమిదో నంబరు ఆవిడ బస్సు కండక్టరు. పదేళ్ళు నిలబడి నిలబడి కాళ్ళు అరిగిపోయాయనీ, ఇప్పుడు వడ్డీతో సహా పడుకుంటున్నాననీ అనేది. ఎవరైనా మర్చిపోయి తల కాస్త ఎత్తితే చాలు, "స్టాపు రాలేదమ్మా, కూర్చోండి కూర్చోండి," అని అరిచేది. హాలంతా నవ్వులే. నవ్వితే కూడా తల కదపకూడదు కాబట్టి పొట్టలు మాత్రమే ఊగేవి.

మొదటి రోజు మలపాత్ర తెచ్చినప్పుడు ఆమెకి తల కొట్టేసినట్టయింది. పదకొండేళ్ళలో అత్తగారికి జ్వరాలొచ్చినప్పుడు ఎన్నిసార్లు ఆ పని చేసిందో లెక్కలేదు. తనకి ఒకరు చేస్తారన్న ఊహ ఎప్పుడూ రాలేదు. "వద్దు సిస్టర్, నేను ఆపుకుంటాను," అంది. అరవై రోజులు ఆపుకుంటావా అన్నట్టు చూసింది నర్సు. తర్వాత పాత్ర అంచుని వేడినీళ్ళ గుడ్డతో తుడిచి వెచ్చగా చేసి పెట్టింది. తెర లాగి, కిటికీ వైపు తిరిగి నిలబడి, చప్పుడు బయటికి వినపడకుండా కొళాయి తిప్పింది. ఆమె దుప్పటి మొహం మీదికి లాక్కుని ఏడ్చింది. ఏడుపు అవమానానికి కాదు. ఆ కొళాయి తిప్పిన చెయ్యికి.

రోజూ పొద్దున రక్తం తీసుకున్నాక నర్సు ఒక ప్రశ్న అడిగేది. "ఇవాళ అలసట ఎంత? సున్నా నుంచి పది దాకా చెప్పండి." మొదటిసారి విన్నప్పుడు ఆమెకి అర్థం కాలేదు. అలసటకి అంకె ఉంటుందనీ, ఆ అంకెని ఒకరు కాగితం మీద రాసుకుంటారనీ ఆమె ఎక్కడా వినలేదు. "రెండు," అంది. ఇంటి అలవాటు. కండక్టరు మాత్రం, "ఆరు రాయండి సిస్టర్, ఊరికే పడుకోవడం కూడా కష్టమే తెలుసా," అనేది. మూడో వారం నుంచి ఆమె చేతులు చల్లబడ్డాయి. గొంతు బొంగురుపోయింది. మాట నోటి దాకా వచ్చేసరికి ఆలస్యమయ్యేది. అందరికీ మొహాలు ఉబ్బాయి కాబట్టి తన ఉబ్బు కలిసిపోయింది. అడిగితే మాత్రం రెండే. నర్సు ఒకరోజు పెన్ను ఆపి, "రెండేనా అమ్మా? పోనీ, రేపు కూడా అడుగుతాగా," అని కాళ్ళ మీద ఇంకో దుప్పటి కప్పి వెళ్ళింది.

అంతకుముందు, రెండో వారంలో ఒక అమ్మాయి వచ్చింది. వచ్చే ఏడాది అంతరిక్షానికి వెళ్ళే జట్టులో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళలో ఒకరు. ఎవరైనా చూడటానికొస్తే మంచాల పక్కన నిలబడి కిందికి చూసి మాట్లాడతారు. ఈ అమ్మాయి మంచం పక్కన నేల మీద వెల్లకిలా పడుకుని మాట్లాడింది. "ఇలా అయితే మనం ఒకర్నొకరు సరిగ్గా చూసుకోవచ్చు," అంది. నాలుగేళ్ళ నుంచి శిక్షణలో ఉందట. "ఇక్కడ మీ ఒంట్లో జరిగేదంతా రాసి మాకిస్తారు. మీరు ఇలా పడుకోబట్టే మేం ధైర్యంగా వెళ్తున్నాం," అంది. కండక్టరు వెంటనే, "టికెట్టు తీసుకున్నావా మరి?" అంది. ఆ అమ్మాయి నేల మీద పొర్లి పొర్లి నవ్వింది.

మెడ డాక్టరమ్మ మెడకి రాసే జెల్లు సీసాని ముందు రెండు అరచేతుల మధ్య కాసేపు తిప్పేది, చల్లగా తగలకుండా. యంత్రం తిప్పుతూ తన పని గురించి చెప్పేది. అంతరిక్షంలో ఉండి వచ్చిన ఎలుకల్లో ఈ గ్రంథి మారడం చూశారట. మనుషుల్లో ఏమవుతుందో ఇంకా పూర్తిగా తేలలేదట. "గ్రంథి సరిగ్గా పనిచేయకపోతే మెదడు దాన్ని గట్టిగా కేకేస్తుంది. ఆ కేక ఎంత గట్టిగా ఉందో రక్తంలో కొలుస్తాం. టీఎస్‌హెచ్ అంటే అదే. ఒకప్పుడు అంతరిక్షంలో తాగే నీళ్ళు పాడవకుండా అయోడిన్ కలిపేవారు. దానివల్ల కూడా ఈ అంకె మారింది. అంటే నోట్లోకి పోయింది చూసుకోకపోతే, అయోడిన్ చేసిన పనిని బరువు లేకపోవడం నెత్తిన వేసేస్తాం. అందుకే ఇక్కడ మీరు తినే ప్రతి మెతుకూ తూచి పెడుతున్నాను. ఈసారి పొరపాటుకి చోటు లేదు." ఆవిడ ఎంతో ఇష్టంగా చెప్పింది. వినే మనిషి మెడలో గుటక పైకీ కిందికీ కదలడం తెర మీద స్పష్టంగా కనిపించింది. "మింగకండి, బొమ్మ కదిలిపోతుంది," అంది డాక్టరమ్మ.

ఆ జెల్లు చల్లదనమో వెచ్చదనమో తగిలినప్పుడల్లా ఆమెకి ఇంకో గది గుర్తొచ్చేది. పెళ్ళయిన మూడో ఏడు. కడుపులో మూడో నెల. పరీక్ష గదిలో భర్త పక్కనే కూర్చున్నాడు. "ఏమన్నా మందులు వాడుతున్నావామ్మా?" అని డాక్టరు అడిగింది ఆమెనే. "ఏమీ వాడదండీ, గుండ్రాయి," అని నవ్వాడు భర్త. ఆమె కూడా నవ్వింది. కడుపుతో ఉన్నప్పుడు ఆ మాత్ర మోతాదు పెంచాల్సి ఉంటుందని తెలిసింది ఆ కడుపు పోయిన ఆరునెలలకి, కూరగాయలు చుట్టిచ్చిన పాత పత్రిక కాగితం మీద. ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, ముక్కల్ని నీళ్ళలో నానబెట్టి, ముద్ద చేసి పారేసింది. ఎవరైనా చూస్తారని కాదు, తను మళ్ళీ చదువుతానని. "దీనికి నిద్ర తప్ప ఏదీ నిలవదు," అంది అత్తగారు ఆ తర్వాత ఒకసారి, ఎవరితోనో ఫోనులో. ఆ మాటకి మాత్రం ఆమె నవ్వలేదు. కోపమూ రాలేదు. నిజమే కదా అనిపించింది. ఆ సిగ్గు ఎనిమిదేళ్ళుగా ఆమెతో పాటే నీళ్ళు పట్టింది, ఆమెతో పాటే అన్నం తింది.

ఐదో వారం ఫలితాలొచ్చిన రోజు డాక్టరమ్మ నడక మారిపోయింది. వచ్చి ఏడో మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. "మీ అంకె నాలుగో వారం కొంచెం పెరిగింది, ఈ వారం బాగా పెరిగింది. మళ్ళీ చేయించాను, అదే. మిగతా పదకొండు మందిలో అలా లేదు," అంది. గొంతు తగ్గించినా సంతోషం దాగలేదు. "ఒక్కరిలో కనపడితే ఏదీ తేల్చలేం. కానీ పన్నెండేళ్ళ నుంచి నేను వెతుకుతున్నది ఇలాంటిదే." ఆవిడ ఆమె చేయి పట్టుకుని నొక్కింది. ఆమె చేయి మంచుముక్కలా ఉంది. డాక్టరమ్మ అది కూడా రాసుకుంది.

మర్నాడు పరిశోధనాలయం పెద్దాయన ఇద్దరు ముగ్గురిని వెంటేసుకుని వచ్చాడు. ఏడో మంచం కాళ్ళ దగ్గర నిలబడి, ఆమె అక్కడ లేనట్టే మాట్లాడాడు. "అయితే ఆడవాళ్ళ గ్రంథి తట్టుకోవడం లేదన్నమాట."

"ఆరుగురిలో ఒక్కరు సార్," అంది డాక్టరమ్మ.

"జాగ్రత్తపడటానికి ఒక్కరు చాలమ్మా. మగవాళ్ళలో ఒక్కరికీ లేదుగా? వచ్చే జట్టు సంగతి మళ్ళీ ఆలోచించాలి. ఆ అమ్మాయిలిద్దరినీ ఈసారికి ఆపి చూద్దాం. నెలాఖరు సమావేశంలో పెట్టండి."

వాళ్ళు వెళ్ళిపోయారు. తర్వాత కండక్టరు పైకప్పుని చూస్తూ అంది. "మా డిపోలో మొదటిసారి ఆడవాళ్ళని వేసినప్పుడు నలుగురం చేరాం చెల్లీ. రెండో నెలలో ఒకావిడ బస్సులో కళ్ళు తిరిగి పడిపోయింది. ఆ రోజు ఆవిడకి నూటమూడు జ్వరం. సెలవడిగితే ఇవ్వలేదు. రిపోర్టులో జ్వరమని ఎవడూ రాయలా. ఆడవాళ్ళు నిలబడలేరు అని రాశారు. ఆ తర్వాత ఆరేళ్ళు ఒక్క ఆడపిల్లని తీసుకోలా."

"మరి ఆవిడ చెప్పలేదా, నాకు జ్వరమని?"

"చెప్పలా. సిగ్గుపడింది. జ్వరమని తెలిస్తే అసలు మొదటికే పనికిరావంటారని భయం. మేమూ అడగలా." కండక్టరు పైకప్పు మీంచి చూపు తిప్పకుండా, "పాపం, పడింది తనొక్కతే అనుకుంది," అంది.

ఆమె కళ్ళలో నీళ్ళు చెంపల మీదికి జారకుండా, పల్లంగా ఉన్న తలవైపు పారి జుట్టులో ఇంకాయి. ఇన్నాళ్ళూ తన అబద్ధం తన మెడ చుట్టూనే తిరుగుతోందనుకుంది. చిన్న అబద్ధం, సొరుగులో పట్టేది. ఇప్పుడు అది కాగితం మీదికి ఎక్కబోతోంది. అక్కడ ఆమె మాత్ర మానేసిందని ఉండదు. ఆడవాళ్ళు తట్టుకోలేరని ఉంటుంది. నేల మీద పడుకుని నవ్విన ఆ అమ్మాయి నాలుగేళ్ళ శిక్షణని మూట కట్టుకుని ఇంటికి పోతుంది, కారణం ఏమిటో ఎప్పటికీ తెలియకుండా. చెబితే మాత్రం ఏమవుతుంది? డాక్టరమ్మ ముందు దొంగగా నిలబడాలి, అదీ నిలబడలేక పడుకుని. ఆవిడ మొహంలో ఆ వెలుగు ఆరిపోవడం చూడాలి. సగంలో పంపేస్తారు. బండి రాదు. భర్తకి తెలుస్తుంది, అత్తగారికి తెలుస్తుంది, పదకొండేళ్ళ కొళాయి చప్పుడంతా బయటపడుతుంది. ఆ తర్వాత పరీక్ష గదిలో ఆ రోజు నవ్విన నవ్వు గురించి అడుగుతారు. అడగకపోయినా ఆలోచిస్తారు. ఆ సాయంత్రం పెట్టిన భోజనాన్ని ఆమె పక్కకి నెట్టింది. నియమం ప్రకారం అంతా తినాలి. నర్సు స్పూను పట్టుకుని ముక్క ముక్కా తినిపించింది, ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు.

మర్నాడు, ముప్ఫై ఎనిమిదో రోజు పొద్దున, రక్తం తీశాక నర్సు ఎప్పటిలాగే అడిగింది. "అలసట ఎంతమ్మా?"

"తొమ్మిది," అంది ఆమె. బొంగురు గొంతు తనకే కొత్తగా వినపడింది. "చాలా ఏళ్ళ నుంచీ ఏడో ఎనిమిదో ఉండేది. డాక్టరమ్మగారిని ఒకసారి పిలుస్తారా సిస్టర్? తెర వేయండి."

డాక్టరమ్మ చేతిలో కప్పుతో వచ్చింది. ఆమె ఆవిడ మొహం చూడలేక, తెర కడ్డీకున్న రింగుల్ని చూస్తూ చెప్పింది. మాత్ర పేరు చెప్పింది, మోతాదు చెప్పింది, ఎన్నేళ్ళో చెప్పింది. ఇక్కడికొచ్చిన రోజు నుంచి వేసుకోలేదని చెప్పింది. వాక్యం వాక్యానికీ మధ్య ఊపిరి పీల్చుకోవాల్సి వచ్చింది. "మీరు వెతికే అంకె నాది కాదండీ. అంటే, నాదే. మంచానిది కాదు."

డాక్టరమ్మ కప్పు కింద పెట్టింది. "ముప్ఫై ఎనిమిది రోజులు," అంది. "ఏడో నంబరు వరస మొత్తం కొట్టేయాలి. ఎముకల వాళ్ళూ గుండె వాళ్ళూ కూడా. వాళ్ళకి ఏం చెప్పను నేను?"

"మీ పని పాడుచేశాను."

"చేశారు." ఆవిడ ఆ మాటకి తీపి పూయలేదు. "ఎందుకు చెప్పలేదు? ఫారంలో అడిగాం కదా?"

"అడిగారండీ. మా ఆయన చెప్పారు."

డాక్టరమ్మ లేచి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేదనుకుంది ఆమె. సిగ్గు ఒళ్ళంతా జ్వరంలా పాకింది. లేచి ఎటైనా పారిపోవడానికి కాళ్ళు లేవు. పావుగంట తర్వాత ఆవిడ ఆ ఫారం పట్టుకుని తిరిగొచ్చింది. స్టూలు మీద కాకుండా మంచం అంచున కూర్చుంది.

"రాత ఒకరిది, సంతకం ఒకరిది," అంది ఫారం చూపిస్తూ. "నేను దీన్ని మొదటి రోజే చూశాను. ఇంట్లో ఎవరో సాయం చేసి ఉంటార్లే అనుకున్నాను. మీరు తినే మెతుకులు తూచాను గానీ, మిమ్మల్ని ఒంటరిగా కూర్చోబెట్టి ఒక్క మాట అడగలేదు. నా రిపోర్టులో అది కూడా రాయాలి." ఆవిడ మొహం కూడా ఎర్రబడింది. మెడ దాకా.

ఆ ఎరుపు చూశాక ఆమెకి ఎక్కడలేని ధైర్యం వచ్చింది. ఎనిమిదేళ్ళుగా ఎవరినీ అడగని మాట అడిగింది. "నా బిడ్డ పోయింది నావల్లేనా డాక్టరుగారూ? మందు సంగతి చెప్పి ఉంటే బతికేదా?"

డాక్టరమ్మ వెంటనే కాదని అనలేదు. అందుకే ఆమె నమ్మింది. "నాకు తెలియదు," అంది ఆవిడ ఆలోచించి. "మోతాదు చూసుకోవాల్సిన మాట నిజం. మూడో నెలలో పోవడానికి ఇంకా చాలా కారణాలుంటాయి. దానివల్లే పోయిందని ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. కాబట్టి మీరూ చెప్పకండి. మీకు మీరు కూడా."

మంచం నుంచి లేపడానికి నాలుగు రోజులు పట్టింది. మొదట పల్లం తీసేశారు, తర్వాత కూర్చోబెట్టారు, తర్వాత నర్సు నడుము పట్టుకుని నిలబెట్టింది. నేల మెత్తగా పరుపులా తగిలింది. పాదాలు తనవి కావనిపించింది. డాక్టరమ్మ రక్తంలో అంకె చూసి మాత్ర మోతాదు రాసిచ్చింది, ఇదివరకటి కంటే ఎక్కువ. ఎనిమిదో నంబరు పడుకునే చేయి ఊపి, "దిగేటప్పుడు చూసుకుని దిగు చెల్లీ, బండి ఆగాకే," అంది. పెద్దాయన సమావేశానికి డాక్టరమ్మ కొత్త కాగితం పంపింది. అందులో ఏడో నంబరు లేదు. అమ్మాయిల్ని ఆపే మాట కూడా లేదు.

వెళ్ళే రోజు డాక్టరమ్మ విడుదల కాగితం ముందు పెట్టుకుని పెన్ను ఆపింది. "మధ్యలో ఎందుకు ఆపేశారో కారణం రాయాలి. ఇంట్లో వాళ్ళు చూస్తారు కదా. కావాలంటే వ్యక్తిగత కారణాలు అని రాస్తాను. అది కూడా నిజమే అవుతుంది, ఎవరూ ఏమీ అడగరు."

అది దయ అని ఆమెకి తెలుసు. ఆ దయలో దాక్కోవచ్చు, ఇంకో పదకొండేళ్ళు హాయిగా. గొంతు దాకా వచ్చిన 'సరేనండీ'ని ఆమె ఆపుకుంది.

"వద్దండీ. జబ్బు పేరు రాయండి. మందు పేరు కూడా. ఎన్నేళ్ళ నుంచో రాయండి."

భర్త సందర్శకుల గదిలో ఉన్నాడు. నర్సు ఆమెని చక్రాల కుర్చీలో తీసుకొచ్చి, అతని ఎదురుగా ఆపి, కాస్త దూరంగా వెళ్ళి నిలబడింది. "ఏమైంది? పడుకోవడం కూడా చేతకాలేదా?" అన్నాడు అతను, నవ్వబోతూ. ఈసారి ఆమె కలిసి నవ్వలేదు. కాగితం అందించింది. అతను ఫారాలు చదివే వేగంతోనే మొదలుపెట్టాడు. మూడో వరస దగ్గర వేగం తగ్గింది. మళ్ళీ పైనుంచి చదివాడు. ఆమె మొహం మండిపోతోంది. చూపు నేల మీదికి లాగేస్తోంది. అయినా అతని మొహాన్నే చూసింది. పదకొండేళ్ళలో అతను ఆమె గురించి ఏదైనా రెండోసారి చదవడం ఆమెకి గుర్తులేదు.

"మాకు చెప్పకుండా దాచావా? ఇన్నేళ్ళు?" అన్నాడు చివరికి. కోపమో భయమో అతనికే తెలిసినట్టు లేదు.

"దాచాను. తప్పే," అంది ఆమె. "కడుపుతో ఉన్నప్పుడు కూడా దాచాను. ఆ డాక్టరు నన్నడిగితే మీరు చెప్పారు. ఈ ఫారంలో నన్నడిగితే మీరు చెప్పారు. నేను ఊరుకున్నాను. ఊరుకోవడం నా తప్పు."

అతను కాగితాన్ని మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు. ఏదో అనబోయి, గది అవతల నిలబడ్డ నర్సుని చూసి గొంతు తగ్గించాడు.

"మరి అమ్మ అడిగితే ఏం చెప్పాలి ఇప్పుడు?"

"మీరేం చెప్పకండి," అంది ఆమె. "నా సంగతి నన్నడగమనండి."